బోర్లించిన కార్డు

జప్తుకి వచ్చిన కోర్టు అమీనా రంగుల షాపులో డబ్బాలు రాసుకుంటున్నాడు. ఖాళీవి కూడా రాయాలా అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. షాపు యజమాని గుమ్మంలో కొయ్యబారి నిలబడ్డాడు. కిందటి వారం మనం వాళ్ళిద్దర్నీ అక్కడ వదిలేసి వచ్చాం.

ఆ యజమానిని బజారంతా రంగులాయన అంటారు. క్రెడిట్ కార్డు వాడి బాకీ ఎగ్గొట్టాడని బ్యాంకు అతని మీద దావా వేసింది. దావా పడినట్టే అతనికి తెలియదు. పిలిస్తే రాలేదు కాబట్టి అతను లేకుండానే కోర్టు తీర్పు ఇచ్చేసింది. బాకీ కట్టకపోతే షాపులో సరుకంతా జప్తు. ఆ రోజే అతను లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆ తీర్పు పక్కన పెట్టి తన మాట కూడా వినమని ఆవిడ అర్జీ వేయించింది. ఆ అర్జీకి వాయిదా ఇవాళే.

పొద్దున్నే రంగులాయన గోళ్ళు టర్పెంటైనుతో రుద్దుకున్నాడు. ఎంత రుద్దినా నీలం పోలేదు. భార్య వచ్చి అతని చొక్కా కాలరు సరిచేసింది. షాపు తను చూసుకుంటుందట, తొందరపడకుండా వెళ్ళి రమ్మంది. ఆవిడ మాట అతనికి ధైర్యం ఇచ్చింది. నిజం తన వైపు ఉంది. ఆ కార్డుని అతను కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

ఎప్పుడో ఒకసారి బస్టాండు దగ్గర టై కట్టుకున్నవాడెవడో బల్ల వేసుకుని కూర్చున్నాడు. కాగితాలిస్తే కార్డు వస్తుందని, పైగా ఇప్పుడే ఒక సంచీ ఇస్తానని అన్నాడు. రంగులాయనకి కావలసింది సంచీ. కాగితాలిచ్చి సంచీ తెచ్చుకున్నాడు. అది ఇప్పటికీ షాపులో మేకుకి వేలాడుతోంది, నిండా రంగుల నమూనా అట్టలతో. కార్డు మాత్రం రాలేదు. అదే రాయించాడు అర్జీలో. కార్డు రాలేదు, నోటీసులు రాలేదు అని రెండు ముక్కలు చాలునంది లాయరమ్మ. అతనే పట్టుబట్టి మూడో ముక్క రాయించాడు. తన గల్లా దగ్గర తను తప్ప ఇంకో మనిషి కూర్చోడని, తన సొరుగు గానీ కార్డు గీకే మిషన్ గానీ ఇంకొకరు ముట్టుకోరని. పరువైన వ్యాపారం అని కోర్టుకి తెలియాలి కదా అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, రాసింది.

కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి జడ్జిగారి దాకానే వెళుతోంది. ఆయనకి జలుబు. ముక్కు తుడుచుకుంటూ అర్జీ చదివారు. బ్యాంకు తరపు లాయరు కుర్రతనం వదలని మనిషి. కోటు భుజాల దగ్గర వదులు. మాట మెత్తన. రంగులాయనని అండీ అనే పిలిచాడు. షాపు మీదేనా అన్నాడు. మాదేనండి. మిషన్ మీదేనా? మాదేనండి. మీరు లేనప్పుడు మీ ఆవిడ చూస్తుంటారేమో కదా అని సాయం చేస్తున్నవాడిలా అడిగాడు. రంగులాయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. నేను లేనప్పుడు మిషన్ సొరుగులో, తాళం నా జేబులో ఉంటుందండి అన్నాడు. లాయరమ్మ కళ్ళు మూసుకుంది. ఆవిడకి ఏదో వాసన తగిలింది.

కుర్ర లాయరు జడ్జిగారి వైపు తిరిగాడు.

“ఈ కార్డు వాడింది ఒక్కచోటేనండి. వాడిన ప్రతిసారీ అక్కడే. రంగుల షాపులో, ఈయన మిషన్ మీద.”

షాపులో రంగు కలిపే మిషన్ ఒకటుంది. డబ్బా బిగించి మీట నొక్కితే నేల అదిరేలా ఊపుతుంది. ఆపాక కూడా కాసేపు చెవుల్లో అదే మోత ఉంటుంది. ఇప్పుడు రంగులాయన చెవుల్లో ఆ మోత మొదలైంది. బోను కర్ర పట్టుకున్నాడు. కర్ర చల్లగా ఉంది. జడ్జిగారి పెదాలు కదులుతున్నాయి. ఆయన రెండోసారి అడిగితే గానీ మాట వినబడలేదు.

మీ మిషన్ మీద మీరు తప్ప ఎవరూ గీకరన్నారు. మీ కార్డు మీ మిషన్ మీద గీకారు. అయితే గీకిందెవరు?

“నేనే గీకి ఉంటానండి,” అన్నాడు రంగులాయన.

“మీ కార్డు మీరే గీకి, కార్డు చూడలేదంటారా?”

“చూడనండి. నేను కార్డులు చూడను.”

హాల్లో నవ్వారు. బంట్రోతు కూడా నవ్వు దాచుకోలేక తలుపు వైపు తిరిగాడు. రంగులాయన ఇంకేదో చెప్పబోయాడు. లాయరమ్మ లేచి పెద్దగా దగ్గింది. ఆవిడ దగ్గుకి అర్థం నోరు మూసుకోమని. తన మనిషికి ఒంట్లో బాగాలేదని, కాస్త వ్యవధి ఇప్పించమని అడిగింది. జడ్జిగారు మొహమాటపడి ఎక్కువ ఇవ్వలేదు. భోజనాల తరవాత మళ్ళీ పిలుస్తారట. కార్డు తెచ్చి ఇచ్చిన మనిషి ఎవరైనా ఉంటే అప్పటికి పేరు చెప్పాలి. లేదంటే అర్జీ కొట్టేస్తారు. సాయంత్రానికి అమీనా మళ్ళీ షాపుకి వస్తాడు.

కోర్టు మెట్ల కింద జిరాక్సు మిషన్ పక్కన లాయరమ్మ అతన్ని నిలబెట్టింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. కార్డులు చూడకపోవడమేమిటో చెప్పమంది.

అతను చెప్పాడు. షాపులో ఆ కార్డు మిషన్ రంగులు అమ్మడానికే కాదు. చేతిలో నోట్లు ఆడనివాళ్ళు కార్డు పట్టుకొస్తారు. రంగు కొన్నట్టు గీకుతాడు. బ్యాంకు ఆ డబ్బు అతని ఖాతాలో వేస్తుంది. అతను సొరుగులోంచి నోట్లు తీసి ఇస్తాడు, కొంచెం కమీషన్ పట్టుకుని. కార్డు మనిషి తరవాత బ్యాంకుకి కట్టుకోవాలి. ఇది చెయ్యకూడని పనే. బజారులో చాలామంది చేస్తారు. కానీ అతని తీరు వేరు. అప్పు కోసం వచ్చిన మనిషి సూటిగా రాడు. ముందు గోడకున్న రంగులు చూస్తాడు. గులాబీ బాగుందా, గోధుమ బాగుందా అని అడుగుతాడు. ఇల్లే లేనివాడు కూడా అడుగుతాడు. అందుకని రంగులాయన కార్డు అందుకుంటూనే బోర్లిస్తాడు. పేరు చూడడు. అవతలి మనిషి నంబరు నొక్కేటప్పుడు ఫ్యాను వైపు చూస్తాడు. ఎవరిదని అడగడు. సిగ్గుపడేవాళ్ళు తమ కార్డు ఇంకొకరి చేత పంపిస్తారు, అదీ అడగడు. బజారులో ఇన్ని షాపులుండగా అందరూ అతని దగ్గరికే రావడానికి కారణం ఆ బోర్లించడమే. అది తన గొప్ప అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

లాయరమ్మ చాలాసేపు జిరాక్సు మిషన్ వెలుగు అటూ ఇటూ పోవడం చూసింది.

“అంటే నీ పేరున్న కార్డు నీ చేతికే ఇస్తే, నువ్వు దాన్ని మర్యాదగా బోర్లించి, గీకి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పంపావు.”

“అంతేనమ్మా.”

“ఈ కేసులో నేను బ్యాంకు తరపున ఉండాల్సింది. సుఖంగా నిద్రపోయేదాన్ని.”

తరవాత ఎవరు తెచ్చారో గుర్తు చేసుకోమంది. అతను మొహాలు చూసే రకం కాదు. చేతులు గుర్తుంటాయి. కళ్ళు మూసుకుని ఒక్కొక్క చెయ్యే తలుచుకున్నాడు. వెల్డింగు పనివాడి కాలిన బొటనవేలు. ఇస్త్రీ ఆవిడ పొడి చర్మం. కార్డుని రబ్బరు బ్యాండుతో చుట్టి తెచ్చే డ్రైవరు. వీళ్ళందరికీ బ్యాంకు నుంచి ఫోన్లొస్తాయి, అవి వాళ్ళే తిట్టుకుంటూ చెబుతారు. వాళ్ళ కార్డులు వాళ్ళవే. ఇంకెవరు? ఒక చప్పుడు వినిపించింది. టక్‌మని మూసుకునే కళ్ళజోడు డబ్బా. మూత తెరిచి, అద్దాలు తుడుచుకునే గుడ్డ పక్కకి జరిపి, కింద నుంచి కార్డు తీసి గల్లా మీద పెట్టే చెయ్యి. చిటికెన వేలు కొంచెం వంకర. చిన్నప్పుడు తలుపు సందులో అతని వేలు పడబోతే తన వేలు అడ్డం పెట్టిన చెయ్యి అది.

అతను కళ్ళు తెరిచాడు. గుర్తు రావట్లేదమ్మా అన్నాడు.

“గుర్తు రాని మొహం ఇలా ఉండదయ్యా,” అంది లాయరమ్మ. “నాకు చెప్పకు. కానీ లెక్క విను. పేరు చెబితే షాపు ఉంటుంది, ఆ మనిషి మీద కేసు పడుతుంది. చెప్పకపోతే షాపు పోతుంది. మూడో దారి నాకు కనబడలేదు. నీకు కనబడితే భోజనం మానేసైనా వింటాను.”

అక్క ఇల్లు కోర్టుకి దగ్గరే. అతను నడిచాడో పరుగెత్తాడో తెలియదు. దారిలో ఎవరో పలకరించారు. బదులు చెప్పాడో లేదో కూడా గుర్తులేదు. అమ్మ పోయాక అక్క చేతి ముద్దే తిన్నాడు. పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. బస్టాండు దగ్గర ఇచ్చిన కాగితాల మీద ఆ ఇంటి అడ్రసే ఉంది. ఈ సంగతి కోర్టు మెట్లు దిగాక గాని అతనికి తట్టలేదు.

మెట్లెక్కి గుమ్మంలో చెప్పులు విడిచాడు. పక్కన ఇంకో జత ఆడవాళ్ళ చెప్పులున్నాయి. ఒకదాని పట్టీ మీద ఆకాశం రంగు చుక్క. చూశాడు గానీ బుర్రకి ఎక్కలేదు. అతని బతుకులో ఆ రంగు చుక్క లేని వస్తువంటూ లేదు.

అక్క బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద రెండు టీ గ్లాసులు. ఒకటి ఖాళీ. ఒకదాంట్లో ఇంకా పొగ వస్తోంది. పక్కనే కళ్ళజోడు డబ్బా. బావ ఇంట్లో లేడు, ఈ వేళకి తన గడియారాల కొట్లో ఉంటాడు.

కూర్చోమంది అక్క. ఇంత ఎండలో ఏమిటంది. అతను కూర్చోలేదు. డబ్బా తీసుకుని మూత తెరిచాడు. గుడ్డ పక్కకి జరిపాడు. కార్డు ఉంది. అలవాటుగా చెయ్యి దాన్ని బోర్లించబోయింది. ఆపాడు. మొదటిసారి దాన్ని వెలికిలా పెట్టి చూశాడు. తన పేరు. విడివిడిగా, ఉబ్బెత్తు అక్షరాల్లో. వేలితో తడిమి చూశాడు.

“ఇది ఎవరిదక్కా?”

“అదేం ప్రశ్నరా. నీది.”

ఆవిడ గొంతులో భయం లేదు. దొంగ గొంతు అలా ఉండదు. అదే అతన్ని ఎక్కువ బెదరగొట్టింది. ఆవిడ ఏడ్చి కాళ్ళ మీద పడుతుందనుకుని వచ్చాడు, తను మొహం తిప్పుకుంటాననుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

“నువ్వే కదరా ఉంచుకోమన్నావు,” అంది అక్క.

ఆవిడ చెబుతుంటే అతనికి ఆ రోజు గుర్తొచ్చింది. షాపు తెరిచిన కొత్త. వరసగా డబ్బాలు ఊగుతున్నాయి. ఇద్దరు పెయింటర్లు గల్లా ముందు కొట్టుకుంటున్నారు. అక్క ఫోను చేసి నీ పేరున ఏదో కార్డొచ్చిందిరా అంది. ఏ బట్టల కొట్టు వాళ్ళదో అనుకున్నాడు. నీ దగ్గరే ఉండనీ అక్కా, నీకేమైనా కావాలంటే వాడుకో అన్నాడు. ఫోను పెట్టేశాడు. పెట్టేసిన మరుక్షణం మరిచిపోయాడు. అక్క మరిచిపోలేదు. నంబరున్న కవరు విడిగా వస్తే అదీ దాచింది.

చాలాకాలం దాన్ని ముట్టుకోలేదట. తరవాత బావ చేతులు వణకడం మొదలైంది. గడియారాలు బాగుచేసేవాడికి చేతులు వణికితే ఇంకేం మిగిలింది. స్క్రూలు కింద పడతాయి, వెతుక్కోవడానికి వంగితే కళ్ళు తిరుగుతాయి. గిరాకీ పోయింది. అయినా పొద్దున్నే తయారై కొట్టుకి వెళతాడు. సాయంత్రం వస్తాడు. ఆ కొట్టు లేకపోతే మనిషి మంచం ఎక్కుతాడని అక్కకి భయం. కొట్టు ఓనరు మంచివాడు, అద్దె మాఫీ చేశాడు అని బావకి చెప్పింది. అద్దె తను కడుతూ వచ్చింది. అడగడానికి తమ్ముడు తప్ప ఎవరున్నారు. కానీ తమ్ముడికి పెళ్ళయింది, సంసారం ఉంది. నోరు తెరిచి అడగలేకపోయింది. కార్డు తీసుకుని వెళ్ళి గల్లా మీద పెట్టింది, ఏమంటాడో చూద్దామని.

అతను ఏమీ అనలేదు. బోర్లించాడు.

“కార్డు నీది. మిషన్ నీది. సొరుగు నీది. నోట్లు నువ్వే లెక్కపెట్టి నా చేతిలో పెట్టావు. అందరి దగ్గరా పట్టుకునే కమీషన్ నా దగ్గర పట్టుకోలేదు. మధ్యలో ఇంకెవరున్నార్రా? నీ డబ్బే అనుకున్నాను. నువ్వు దాన్ని బోర్లించినప్పుడల్లా, నా తమ్ముడు నా పరువు కాపాడుతున్నాడు, నా మొహం చూస్తే నేను చిన్నబోతానని అటు తిరిగాడు అనుకునేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని, సంతోషంతో.”

రంగులాయన నేల మీద కూర్చుండిపోయాడు. పక్కింటి ఆవిడ ఎవరో సిగ్గుపడి అక్క చేత కార్డు పంపిస్తోందనుకున్నాడు తను. అక్క తెచ్చింది కదా అని కమీషన్ వదిలేశాడు. ఆవిడ మొహం వైపు ఒక్కసారైనా చూసి ఉంటే తెలిసిపోయేది. చూడకపోవడమే మర్యాద అనుకున్నాడు. ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఇంతదాకా తెచ్చారు.

అప్పుడు చెప్పాడు ఆవిడకి. దావా సంగతి, అమీనా సంగతి, జప్తు సంగతి. భోజనాల తరవాత ఒక పేరు చెప్పాలన్న సంగతి. అక్క మొహంలో రంగు దిగిపోవడం ఇప్పుడు చూశాడు. ఆవిడ చెయ్యి బల్ల అంచు వెతుక్కుంది. బ్యాంకు అప్పు అని, దాని మీద వడ్డీ అని, వడ్డీ మీద వడ్డీ అని అతను చెబుతుంటే ఆవిడ కార్డుని అలాగే చూస్తూ ఉండిపోయింది. అదేదో ఇప్పుడే బల్ల మీద పుట్టినట్టు చూసింది. తరవాత పళ్ళెం కడిగి బోర్లించినంత మామూలుగా అంది.

“నా పేరు చెప్పెయ్. షాపు పోగొట్టుకోకు. మీ బావకి మాత్రం తెలియనీకు.”

ఆ రెండూ ఒక్కచోట ఇమడవని ఇద్దరికీ తెలుసు. గోడ గడియారం బావ బాగుచేసిందే. అది నడుస్తూనే ఉంది.

లేవబోతూ రంగులాయన ఆగాడు. ఒక సంగతి అడగలేదు. అడగాలని కూడా తోచలేదు ఇంతవరకు. కార్డు ఈ ఇంటికి వచ్చిందంటే బ్యాంకు కాగితాలూ ఈ ఇంటికే వచ్చి ఉంటాయి. కోర్టు కాగితం కూడా. ఒక్కటి చేతికందినా వాయిదాకి వెళ్ళేవాడు, ఇంత జరిగేది కాదు.

“అక్కా, నా పేరున వచ్చిన కాగితాలేం చేశావు? చించేశావా?”

ఈసారి తెల్లబోవడం అక్క వంతు.

“చించడమేమిట్రా. అవన్నీ నీకే పంపాను కదా. వచ్చింది వచ్చినట్టు మరదలి చేతిలో పెట్టాను.”

“ఎవరి చేతిలో?”

“నీ పెళ్ళాం చేతిలో. ఇంకా ఎంతమంది మరదళ్ళున్నారు నాకు? కోర్టు మనిషి తెచ్చింది కూడా షాపు సంగతేదో అనుకుని విప్పకుండా అలాగే ఇచ్చాను. ‘ఆయనకి నేను చెప్తాను వదినా, మీరు మాత్రం ఆ మాట ఎత్తకండి, బాధపడతారు’ అంది. అందుకే నేను నీ దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.”

చెవుల్లో మళ్ళీ ఆ మోత. పొద్దున్న తన కాలరు సరిచేసిన వేళ్ళు గుర్తొచ్చాయి. అమీనా వచ్చిన రోజు తనకన్నా ముందు ఆవిడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఇదేమిటండీ, ఏ కార్డండీ అని తనతో పాటు ఆశ్చర్యపోయింది. తనే ఆవిడకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అక్క కళ్ళు దించుకుంది. దించుకునే ముందు ఆ కళ్ళు ఒక్కసారి లోపలి గది వైపు వెళ్ళి వచ్చాయి.

రంగులాయన బల్ల మీద గ్లాసులు చూశాడు. అక్క ముందున్నది ఖాళీ గ్లాసు. రెండోదాంట్లో టీ ఎవరూ తాగనే లేదు. పైన మీగడ కట్టింది.

లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. కాళ్ళు తన మాట వినకుండానే వెళ్ళాయి. ఆ చెప్పుల జత ఇంకా అక్కడే ఉంది. వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పట్టీ మీద ఆకాశం రంగు చుక్క. షాపు తెరిచిన రోజు మొదటి డబ్బా మూత తీస్తుంటే చింది పడింది. తుడవద్దు, గుర్తుగా ఉండనీ అంది భార్య.

షాపు చూసుకుంటానన్న మనిషి చెప్పులు అవి.

చెప్పు చేతిలోనే ఉంది. వెనక్కి వచ్చి లోపలి గది ముందు నిలబడ్డాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. గట్టిగా అనలేదు.

“బయటికి రా. ఏమీ అనను.”

లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. తెరుచుకుంటుందని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

లోపల్నుంచి గడియ పడింది.